మాస్టారి బండి

వంటనూనె సంగతి మా ఆవిడకు తెలుసు. బండినూనె సంగతి నాకు తెలుసుననుకునేవాణ్ణి. ఆ రెండో మాట అబద్ధమని తేలేలోగా ఒక పెద్దమనిషిని అనరాని మాట అనేశాను.

ఆ పెద్దమనిషి తాడేపల్లిగూడెంలో ఉంటున్న లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. మోకాళ్లు సహకరించక తన హీరో హోండా స్ప్లెండరు అమ్మేస్తున్నారని తెలిసి ఏలూరు నుంచి వెళ్లాను. 2006 నాటి బండి. హీరో, హోండా ఇంకా విడిపోని రోజులది. అయినా తోమిన ఇత్తడి చెంబులా ఉంది. మాస్టారు తాళంచెవితోపాటు కంపెనీవారి పుస్తకం కూడా నా చేతిలో పెట్టి, "ఇందులో చెప్పిన నూనే పొయ్యండి. దానికదే అలవాటు" అన్నారు. పిల్లను అత్తారింటికి పంపుతూ చెప్పే మాటలా వినిపించింది నాకు. లోపల నవ్వుకుని, ఉల్లిపాయల లారీల మధ్యనుంచి బండి నడుపుకుంటూ వచ్చేశాను. పుస్తకం బీరువాలో చేరింది.

నూనె మార్చవలసిన రోజు వచ్చింది. సరిగ్గా అప్పుడే మా బావమరిది తన కారుకు పొయ్యగా మిగిలిన డబ్బా తెచ్చాడు. "బావగారూ, ఇది అసలు సిసలు సింథటిక్కు. దీని ఖరీదు వింటే మీరు గుండె పట్టుకుంటారు" అన్నాడు. ఖరీదైనది, పైగా ఊరికే వచ్చింది! పాపం, ఎన్నాళ్లనుంచో గంజి తాగుతున్న బండికి ఒక్కపూట పాయసం పోద్దామనిపించింది. నా చేత్తోనే పోశాను.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇంతలో కైకలూరులో మా మరదలి గృహప్రవేశం వచ్చింది. ముహూర్తం ఉదయం ఏడింటికి. తిరిగివచ్చేటప్పుడు ఆటపాకలో పక్షుల్ని చూపిస్తానని మా ఆవిడకు మాటిచ్చి చీకటితోనే బయలుదేరాను. కొల్లేటి దారిలో ఒక వంతెన ఎక్కుతుండగా ఇంజను గొంతు పెంచింది గాని చక్రం కదలిక పెరగలేదు. తిప్పినకొద్దీ అరుపే. పైగా ఏదో మాడిన వాసన. ఇద్దరం దిగి తోశాం. పట్టుచీరతో మా ఆవిడ వెనకనుంచి తోస్తూంటే పక్క చెరువులో గూడబాతులు సంచిముక్కులు పైకెత్తి చూశాయి. పక్షుల్ని చూపిస్తానన్న మాట ఆ విధంగా చెల్లింది. చివరికి చేపల ట్రేలు మోసే వ్యానువాడు మమ్మల్నీ బండినీ ఎక్కించుకున్నాడు. ముహూర్తం దాటాక, ఎలాంటి పరిమళంతో ఆ ఇంట్లో అడుగుపెట్టామో మీరే ఊహించుకోండి.

ఆ కోపంలో మాస్టారికి ఫోను చేశాను. "చచ్చిన బండి అంటగట్టారు కదండీ! బడిపంతులు కదా అని నమ్మాను" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "నూనె ఏం పోశారండీ?" అన్నారు. తప్పించుకోవడానికి వేసిన ఎత్తనుకున్నాను. "మీరు పోసినదానికంటే మంచిదే లెండి" అని ఫోను పెట్టేశాను.

మర్నాడు పవరుపేటలో నాకు తెలిసిన మెకానిక్కు కూడా అదే ప్రశ్న వేశాడు. చెప్పాను. నెత్తి కొట్టుకున్నాడు.

"గురువుగారూ, కారులో క్లచ్చి వేరే పొడిగా ఉంటుందండి. దీంట్లో ఇంజనూ గేర్లూ క్లచ్చీ అన్నీ ఒకే నూనెలో మునిగుంటాయి. కారు నూనెల్లో పెట్రోలు ఆదా కోసం జారుడు పెంచే మందు కలుపుతారు. ఇంజనుకు అది మంచిదే. క్లచ్చి రేకులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకోవాలా, జారిపోవాలా?"

డబ్బా మీద 'జాసో ఎం.ఏ.' అని ఉందో లేదో చూడమన్నాడు. జపానువారు మోటారుసైకిళ్ల కోసం పెట్టిన గుర్తట అది. 'ఎం.బి.' అని ఉంటే గేర్లు లేని స్కూటర్లకు. ఇంటికెళ్లి మాస్టారి పుస్తకం తీశాను. 10 డబ్ల్యూ-30 అని అచ్చువేసి ఉంది. దాని కింద ఎర్రసిరాతో ఆయన గీసిన గీత కూడా ఉంది.

పాత బండి కదా, చిక్కటి నూనె పొయ్యవద్దా అని అడిగాను. "నీలంపొగ వస్తే రింగులు అరిగినట్టండి. చిక్కనూనె పోస్తే పొగ కొన్నాళ్లు దాగుతుందేమోగాని, రింగులు మళ్లీ పుడతాయా? పైగా పొద్దున్నే స్టార్టు చెయ్యగానే పైదాకా చప్పున ఎక్కదు" అన్నాడు. రెండుసార్లు నూనె మార్చి, జల్లెడ కడిగి, రేకులు మాడిపోలేదని చూపించాడు. నూనె కొలిచే పుల్లను మర బిగించి చూడకూడదనీ, బండిని నిటారుగా నిలిపి ఊరికే దింపి చూడాలనీ కూడా ఆనాడే తెలిసింది. నేను మూడు నెలలూ బిగించే చూశాను మరి!

బండి బాగుపడింది. ఫోనులో అన్న మాటను మాత్రం ఏ మెకానిక్కు వెనక్కి తీయగలడు? రెండు రోజులు తటపటాయించాను. "ఫోనులో తిట్టి ఫోనులోనే క్షమాపణా? బాగుంది వరస" అంది మా ఆవిడ. ఆదివారం అదే బండి మీద గూడెం వెళ్లాను.

మాస్టారు నా మాట పూర్తి కానివ్వలేదు. పుల్ల తీసి, తుడిచి, దింపి చూసి, "సరిపోయింది" అన్నారు. కాసేపు సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తరవాత, "మోకాళ్లు బాగున్న రోజుల్లో సాయంత్రాలు యుద్ధకాలంనాటి రన్‌వే వైపు వెళ్లేవాణ్ణండీ. ఒకసారి వెనక కూచోనా?" అన్నారు.

ఆయన్ని ఎక్కించుకుని, పడిపోతారేమోనని మెల్లిగా పోనిచ్చాను.

"రెండో గేరులో ఎంతసేపండీ బాబూ," అన్నారు వెనకనుంచి, "మూడు వెయ్యండి. పట్టుకుంటుంది."