ఏటికొప్పాక పక్కన ఎలమంచిలి

హౌరా-చెన్నై రైలు మార్గంలో తుని, అనకాపల్లి స్టేషన్ల మధ్య వస్తుంది ఎలమంచిలి. విశాఖ చేరే తొందరలో చాలామంది ఇక్కడ దిగరు. హైవే మీద పోయేవాళ్లూ అంతే. ఓ పక్క తూర్పు కనుమల కొండలు, ఇంకో పక్క సముద్రం, నడుమ చెరకు, వరి, జీడిమామిడి. ఇలాంటి చోట ఒక్క పూటైనా ఆగకపోవడం పెద్ద లోటు.

ఊరు చాలా పాతది. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనంలోని దేవరాష్ట్రం ఈ ప్రాంతమేనని చరిత్రకారులు చెబుతారు. తర్వాత చాళుక్యుల శాఖ ఒకటి ఇక్కడ పాలించింది. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు ఎలమంచిలి అందులో చేరింది.

అసలు చూడాల్సింది మాత్రం ఏటికొప్పాక. ఎలమంచిలి మండలంలోనే, వరాహ నది ఒడ్డున ఉంది. లక్కపిడతలతో ఆడుకున్న తెలుగు పిల్లలందరికీ ఈ ఊరితో చుట్టరికం ఉన్నట్టే. బుల్లి పొయ్యి, కుండలు, రోలు, తిరగలి, పెళ్లివారికి కుంకుమ భరిణెలు, అన్నీ ఇక్కడి చేతుల్లో తయారవుతాయి.

బొమ్మకు అంకుడు కర్ర కావాలి. మెత్తగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. ఆరబెట్టిన కర్రను ముక్కలు కోసి, లేత్ మీద తిప్పుతూ చెక్కుతారు. ఆకారం వచ్చాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకు ఒత్తిపెడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. కుంచె అక్కర్లేదు. చివర మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. నున్నటి ఆ గుండ్రదనం చూసి చెయ్యి పెట్టకుండా ఉండలేం.

ఒకప్పుడు రసాయన రంగులు ఇక్కడికీ వచ్చాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు అవి తగవని ఈ ఊరికి చెందిన చింతలపాటి వెంకటపతిరాజు గారు పట్టుబట్టి మొక్కల రంగులను తిరిగి తెచ్చారు. పసుపు కొమ్ము నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ రంగు తీస్తారు. పసుపూ నీలమూ కలిస్తే ఆకుపచ్చ. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. ఈ గౌరవాలు వచ్చినందుకు మనసు నిండింది. అయితే బొమ్మకు ఆధారం అంకుడు చెట్టు. అది చాలినంత దొరక్కపోతే ఎంత నేర్పున్నా చెయ్యి ఆగిపోతుంది. కొండవాలుల్లో అంకుడు మొక్కలు విరివిగా నాటించడం అటవీశాఖ వెంటనే చేపట్టాల్సిన పని.

దగ్గర్లోనే పంచదార్ల. కొండ నుంచి ఐదు ధారలుగా నీళ్లు దూకే శివక్షేత్రం, పాత శాసనాలున్న చోటు. అచ్యుతాపురం వైపు వెళ్తే కొండకర్ల ఆవ అనే సరస్సు వస్తుంది. తాటిదోనెల మీద తిరుగుతూ కలువలు చూడొచ్చు, చలికాలంలో వలస పక్షులూ కనబడతాయి.

అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ బౌద్ధ స్తూపాలకూ వీలుంటే వెళ్లండి. బొమ్మలు మాత్రం ఏటికొప్పాకలో, చేసినవాళ్ల ఇంటి దగ్గరే కొనండి. ఏ రంగు ఏ మొక్క నుంచి వచ్చిందో అడగండి, ఓపిగ్గా చెబుతారు.