పచ్చబటానీ గెలాక్సీలు



నక్షత్రాల పుట్టుకను చదవడం ఖగోళవేత్తల పని కదా, మధ్యలో డేటా సైన్స్ ఎందుకని మీకు అనిపిస్తుంటుంది. దానికి జవాబుగా నాకిష్టమైన కథ ఒకటి చెబుతాను.

2007 నాటికి న్యూమెక్సికోలోని స్లోన్ సర్వే టెలిస్కోపు తీసిన గెలాక్సీ ఫోటోలు లక్షల్లో పేరుకుపోయాయి. ఆక్స్‌ఫర్డ్‌లో కెవిన్ షావిన్‌స్కీ అనే పరిశోధకుడు వారంలో యాభై వేలు చూసి అలసిపోయాడు. ఇలా కాదని, ఆ జులైలో 'గెలాక్సీ జూ' పేరుతో ఫోటోలన్నీ జనం ముందు పెట్టేశారు. గెలాక్సీ సుడి తిరిగి ఉందా, గుండ్రంగా ఉందా, అంతే ప్రశ్న. ఏడాదిలో లక్షన్నర మందికి పైగా కలిసి ఐదు కోట్ల జవాబులిచ్చారు.

వాళ్లలో కొందరికి చిన్న పచ్చటి చుక్కలు కనిపించాయి. సుడీ లేదు, ఆకారమూ లేదు. వాటికి 'బటానీలు' అని పేరు పెట్టి సరదాగా పోగుచేశారు. యేల్‌లో కారొలిన్ కార్డమోన్ బృందం ఆ సరదాను పట్టించుకుంది. రంగుల కొలతలతో జల్లెడ పడితే పది లక్షల గెలాక్సీల్లో 251 తేలాయి.

ఆ పచ్చదనం ఎక్కడిదంటే, అప్పుడే పుట్టిన వేడి నక్షత్రాలు చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను వెలిగిస్తాయి. ఆ వెలుగు 500.7 నానోమీటర్ల దగ్గర సన్నని గీతలా వస్తుంది. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి, ఎంత దూరం నుంచి వస్తే ఆ గీత అంత ఎరుపు వైపు జరుగుతుంది. సర్వే కెమెరాకు ఐదు ఫిల్టర్లు. ఒక దూరం నుంచి మరో దూరం దాకా ఉన్న గెలాక్సీల్లో ఆ గీత సరిగ్గా ఒకే ఫిల్టర్‌లో పడుతుంది. ఫోటోలో ఆ ఫిల్టర్‌కు ఇచ్చిన రంగు పచ్చ! అంటే ఆ గెలాక్సీలే కాస్త దగ్గరగా ఉంటే మనం 'బటానీలు' అనేవాళ్లమే కాదు. ఈ బటానీలు బరువులో మన పాలపుంతకు వందో వంతు. నక్షత్రాలను కనడంలో మాత్రం దానికి పది రెట్ల వేగం. 2009లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూపిన తొలినాటి గెలాక్సీల్లో కొన్ని అచ్చం వీటిలాగే ఉన్నాయి.

ఇప్పుడు ఆ వర్గీకరణ యంత్రాలూ చేస్తున్నాయి. కాగుల్ అనే డేటా సైన్స్ వెబ్‌సైట్‌లో 2014లో ముగిసిన పోటీలో జనం జవాబులున్న 61,578 ఫోటోలిచ్చి ప్రోగ్రాములకు పాఠం చెప్పారు. సాండర్ డీలెమన్ గెలిచాడు. అయితే నేర్పిన ప్రశ్నకే యంత్రం జవాబిస్తుంది. 'సుడా, గుండ్రమా' అని నేర్పితే బటానీని కూడా గుండ్రంలో వేసి పక్కన పెట్టేస్తుంది. ఇదేదో వింతగా ఉందే అని ఆగేది మనిషే. జల్లెడ లేకపోతే ఆ వింత నాలుగు ఫోటోల దగ్గరే ఆగిపోయేది, అదీ నిజమే.

గెలాక్సీ జూ ఇప్పటికీ నడుస్తోంది. 2024లో యూక్లిడ్ టెలిస్కోపు ఫోటోలు కూడా అందులో చేరాయి. డిగ్రీ అడగరు, డబ్బు అడగరు. ఈ వేసవి సెలవుల్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మీరూ ఓ పూట చూడండి. వింతగా ఏదైనా కనిపిస్తే నాకూ రాయండి.

మీ
ఖగోళ మిత్రుడు