సినిమా చెట్టు కింద నలభై నిమిషాలు!

మన సినిమాల్లో సైకిలు తొక్కడం ఎంత సుఖమో! హీరో సీటు మీద, హీరోయిన్ ముందు కడ్డీ మీద, వెనకాల కొబ్బరిచెట్లు. పాట నాలుగు నిమిషాలు. ఆ కాసేపూ ఎదురుగాలి వుండదు, పంక్చరు పడదు, హీరోగారికి చెమటైనా పట్టదు. అదే సైకిలు పదమూడున్నర గంటలు తొక్కితే ఎలా వుంటుంది? ఆ సరదా తీర్చుకుందామని 2024 అక్టోబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున రాజమండ్రిలో తయారయ్యాను.

ఈ యాత్రల్ని 'బ్రెవే' అంటారు. పుట్టిల్లు ఫ్రాన్సు. అక్కడ 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్ళి మళ్ళీ పారిస్ రావాలని ఒక పందెం పెట్టారు. ఇప్పుడది పందెం కాదు, నాలుగేళ్ళకోసారి జరిగే యాత్ర. 1200 కిలోమీటర్లు, 90 గంటలు! దానికి తొలిమెట్లు మన దేశంలోనూ జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. ఫస్టూ సెకండూ లేవు. ముందొచ్చినా ఆఖర్నొచ్చినా గడువులోగా వస్తే అందరూ సమానమే. చేతికొక కార్డు ఇస్తారు. దారిలో ఫలానా చోట్ల దాని మీద ముద్ర వేయించుకోవాలి. వెనకాల కారు రాకూడదు. మన పంక్చరు మనమే వేసుకోవాలి, తోటివాడు సాయం చేస్తే అది మన అదృష్టం.

ఆరింటికి పాతికమందిమి బయల్దేరాం. రాత్రి ఏడున్నర గడువు. 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెన మీద సైకిలు తొక్కుతుంటే కింద రైలు వెళ్ళింది. వంతెనంతా సన్నగా వణికింది. అవతల 1900 నాటి హేవలాక్ వంతెన, 1997లో రిటైరై, మంచులో మసగ్గా నిలబడి వుంది. ఇది మూగమనసులు గోదావరి, అందాల రాముడు గోదావరి! నేను నదిని చూస్తూ తొక్కితే, వెనక చక్రం మేకుని చూసుకుంది. కొవ్వూరులో దిగేసరికి గాలి పోయింది.

నాకు ట్యూబు మార్చడం రాదు. అందరూ వెళ్ళిపోయారు గానీ ఒకాయన ఆగారు. అరవై దాటిన రిటైర్డు స్కూలు మాస్టారు. "పర్లేదు బాబూ, పంపు పట్టుకో" అంటూ పావుగంటలో పని కానిచ్చారు. అక్కణ్ణుంచి ఆయనా నేనూ జోడీ.

కుమారదేవం వచ్చింది. అక్కడి గోదారి గట్టు మీద నిద్రగన్నేరు చెట్టుకి 'సినిమా చెట్టు' అని పేరు. నూట యాభై ఏళ్ళదంటారు. దాని నీడలో తీసిన సినిమాలు మూడు వందల పైమాటేనంటారు. ఎన్ని పంచాయితీలు, ఎన్ని డ్యూయెట్లు! 2024 ఆగస్టులో ఆ మహావృక్షం కూలిపోయింది. మళ్ళీ బతికించాలని ప్రయత్నాలు చేశారు. నేను చూసినప్పుడు మొదట్లో పచ్చగా చిగుళ్ళు కనిపించాయి. చిన్నప్పట్నుంచీ తెర మీద చూసిన చెట్టు! ఇటు నుంచి ఒక ఫోటో, అటు నుంచి ఒక ఫోటో. ఏ సినిమాలో ఏ సీను ఎక్కడ తీశారో మాస్టారికి ఉపన్యాసం. ఆయన వాచీ చూసుకున్నారు, ఏమీ అనలేదు. నలభై నిమిషాలు పోయాయి.

పట్టిసీమ రేవులో మొదటి ముద్ర. నది మధ్య కొండ మీద వీరభద్రుడికి ఒడ్డు నుంచే దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాం. మళ్ళీ కొవ్వూరు, విజ్జేశ్వరం, బ్యారేజీ దాటి ధవళేశ్వరం. కాటన్ దొర ఇక్కడ ఆనకట్ట కట్టించింది 1852లో. ఆ నీళ్ళే కడియం పూలతోటలకీ, కోనసీమ కొబ్బరికీ ప్రాణం. రావులపాలెంలో అరటి గెలల లారీల పక్కన నిలబడి తలా నాలుగు చక్కెరకేళీలు తిన్నాం. అక్కణ్ణుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వైపు వెళ్ళి మళ్ళీ రావులపాలెం చేరేసరికి సాయంత్రం అయిదుంపావు. ఇంకా నలభై కిలోమీటర్లు. నా కాళ్ళు కొయ్యలైపోయాయి. మాస్టారు నాకోసం మెల్లగా, ముందుండి గాలి కాస్తూ తొక్కుతున్నారు.

ముద్ర వేసే కుర్రాడు నన్ను పక్కకి పిలిచాడు. "మాస్టారు ఈ సీజన్లో 300, 400, 600 అన్నీ పూర్తిచేశారండీ. ఇంట్లో ఆవిడకి ఆపరేషన్ అయి 200 ఒక్కటీ వుండిపోయింది. నాలుగూ ఒకే సీజన్లో చేస్తేనే 'సూపర్ రాండొనర్' అంటారండీ. సీజను అక్టోబరు 31తో సరి. ఇదే ఆఖరి ఛాన్సండీ ఆయనకి."

నా గుండె గుభేలుమంది. పొద్దున ఆ నలభై నిమిషాలూ ఎవరివనుకున్నాను!

"మీరెళ్ళండి మాస్టారూ" అన్నాను. "తోడొచ్చినవాణ్ణి వదిలేసి ఎలా వెళ్తానయ్యా?" అన్నారు. ఇలా కాదని తెలిసిపోయింది. రెండు ఫర్లాంగులు వెళ్ళాక సైకిలు దిగి, మోకాలు పట్టుకుని కూలబడ్డాను. "అమ్మా! ఇక నావల్ల కాదు మాస్టారూ. బస్సెక్కి వచ్చేస్తా. మీరు పదండి!" ఇన్నేళ్ళు సినిమాలు చూసినందుకు ఆమాత్రం నటన రాదూ? ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఎర్ర లైటు కనుమరుగయ్యేదాకా మూలుగుతూనే వున్నాను. తర్వాత లేచి సైకిలెక్కాను.

ఆ చీకట్లో ఒంటరిగా తొక్కిన నలభై కిలోమీటర్లలో పాటా లేదు, కొబ్బరిచెట్లూ కనబడలేదు. రాజమండ్రి చేరేసరికి ఏడూ యాభై రెండు. ఇరవై రెండు నిమిషాలు ఆలస్యం. నా కార్డు చెల్లదు.

మాస్టారు ఏడూ ఇరవై నాలుగుకి చేరారట. ఇంటికి వెళ్ళకుండా, నాకోసం రోజ్ మిల్క్ సీసా పట్టుకుని కూర్చున్నారు.

"నటన బాగానే వుందయ్యా! కాకపోతే కూలబడ్డప్పుడు కుడి మోకాలు పట్టుకున్నావు, నేను వెనక్కి తిరిగి చూస్తే ఎడమది పట్టుకుని వున్నావు. కంటిన్యుటీ చూసుకోవద్దూ?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్ళు తుడుచుకున్నారు.

మళ్ళీ సీజనుకి ఇద్దరం కలిసి పేరిచ్చాం. కుమారదేవంలో ఆగాలి, చిగుళ్ళు ఎంత ఎదిగాయో చూడాలి. ఈసారి మాత్రం అయిదే నిమిషాలు!