ఉలికి ఆనుడు

ఏటికొప్పాకలో అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే చూసేవాళ్లు లక్క రంగులకు మురిసిపోతారు. నా కళ్లు మాత్రం ఉలి ఆనిన చోటికే పోతాయి. చెక్క లేత్ మీద పని నాణ్యత సగం అక్కడే తేలిపోతుందని నా నమ్మకం.

లేత్‌తో వచ్చే ఆనుడు (టూల్ రెస్ట్) తిన్నగా ఉంటుంది. గిన్నె లోపల తొలిచేటప్పుడు అది అంచు దగ్గరే ఆగిపోతుంది. ఆనుడు దాటి ఉలి ఎంత ముందుకు సాగితే అంత అదురు. మొన చెక్కలో ఇరుక్కుందంటే పిడి చేతిలోంచి ఎగిరిపోతుంది. అందుకే గిన్నె వంపుకు తగ్గట్టు ఉక్కు చువ్వ వంచి, కింద కాలు వెల్డింగ్ చేసుకోవడం. కాలు మందం ముందే కొలవాలి: అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, లేత్ మీద కాలు దిగే రంధ్రం 25 మిల్లీమీటర్లదైతే అందులో పట్టదు.

ఆనుడు మెత్తని ఇనుమైతే ఉలి అంచుల తాకిడికి దాని మీద గాట్లు పడతాయి. గాటు దగ్గర ఉలి తడబడుతుంది, ఆ తడబాటు చెక్క మీద తేలుతుంది. ఎప్పటికప్పుడు ఆకురాయితో సాపు చేసి కాస్త మైనం రాస్తాను. మోటారు వేసే ముందు చెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా ఆనుడుకు తగలడం లేదని చూసుకుంటాను.