గేటుకు బీగం

బెంగళూరు ఆఫీసులో ఎవరైనా ఊరు అడిగితే ప్రొద్దుటూరు అంటాను. "కడప జిల్లానా? బాంబులేస్తారంట కదా" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. 'సమరసింహారెడ్డి' వచ్చి పాతికేళ్లు దాటినా ఆ జోకు మాత్రం పాతబడలేదు.

ఈమధ్య ఫుట్‌బాల్ స్టేడియం అల్లర్ల గురించి చదువుతుంటే ఆ నవ్వే గుర్తొచ్చింది. 2012 ఫిబ్రవరి 1న ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో సొంతూరి జట్టు అల్ మస్రీ, కైరో నుంచి వచ్చిన అల్ అహ్లీని 3-1తో ఓడించింది. గెలిచినవాళ్ల అభిమానులే మైదానంలోకి దూకి ఓడినవాళ్ల మీద పడ్డారు. 74 మంది చనిపోయారు. ఫుట్‌బాల్ పిచ్చి అని సరిపెట్టుకోవచ్చు. కానీ గెలిచినవాడికి అంత కోపమెందుకు? అహ్లీ అభిమానుల్లో చాలామంది అంతకు ఏడాది ముందు తహ్రీర్ స్క్వేర్‌లో ముబారక్ పోలీసులతో తలపడినవాళ్లు. ఆ రాత్రి పోలీసులు పెద్దగా కదల్లేదు. బయటికి పోయే గేటు మూసే ఉంది. ఇది తమ మీద తీర్చుకున్న పగ అని ఆ కుర్రాళ్లు నమ్మారు. మరుసటి ఏడాది జనవరిలో 21 మందికి ఉరిశిక్ష పడగానే పోర్ట్ సయీద్ మళ్లీ భగ్గుమంది, మళ్లీ శవాలు లేచాయి.

ఇండోనేసియాలోని కంజురుహాన్ స్టేడియం కథ ఇంకా విచిత్రం. 2022 అక్టోబర్ 1న జరిగిన ఆ మ్యాచ్‌కి గొడవలౌతాయని ప్రత్యర్థి అభిమానుల్ని ముందే రానివ్వలేదు. కొట్టుకోవడానికి రెండో వర్గమే లేదన్నమాట. పోలీసులు గ్యాలరీల్లోకి బాష్పవాయువు వదిలారు, జనం ఇరుకు గేట్ల దగ్గర నలిగిపోయారు. 135 మంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలో క్రికెట్ టోర్నమెంట్ పెట్టారు. (మాకు ఫుట్‌బాల్ యాడిది!) ఫైనల్ పులివెందుల నుంచి వచ్చిన జట్టుతో. కప్పు ఇచ్చేది ఒక నాయకుడు, వాళ్లకు బ్యాట్లు కొనిచ్చింది ఆయనకు పడని ఇంకొకాయన. ఒక రనౌట్ దగ్గర మాటామాటా పెరిగింది. ఎవడో "బాంబులు తెచ్చినారంటరా!" అని అరిచినాడు. బాంబూ లేదు, గీంబూ లేదు. కానీ టికెట్ లేనోళ్లు దూరతారని స్కూలు గేటుకు బీగం వేసి ఉంది. జనమంతా ఆ గేటు మీద పడ్డారు. మా పెద్దనాయన కొడుకు కాలు రెండుచోట్ల విరిగింది.

మరుసటి రోజు ఊరంతా 'ఫ్యాక్షన్ గొడవ' అన్నారు. బీగం మాట ఒక్కరూ ఎత్తలేదు.

ఫ్యాక్షన్ లేదని నేననను. ఉంది, దానికి బలైన ఇళ్లు నాకు తెలుసు. ఆ అరుపుకు జనం పరిగెత్తింది కూడా అందుకే. నాకు కాలేదల్లా 'వాళ్ల రక్తమే అంత' అన్న మాట దగ్గర. అది అనేశాక తాళంచెవి ఎవరి జేబులో ఉందో అడగాల్సిన పనుండదు.

కంజురుహాన్ వీడియో ఒకటి అన్నకు పంపితే రాత్రి ఫోన్ చేశాడు. ఆయన ఇప్పటికీ చలికాలంలో కుంటుతాడు. ఆట గురించి, పోలీసుల గురించి ఏమీ అడగలేదు.

"అబ్బీ, ఆ గేటు బయటికి తెరుచుకునేదా, లోపలికా?" అన్నాడు.