జవాబు రాని ప్రశ్నల పట్టిక

కచేరీ పని యనగా పురుషుల గదిలోని వ్యవహారమని తలచు కాలము గతించినది. 2020 సంవత్సరపు మహమ్మారి నాటనుండి అనేక గృహములలో భోజనపు బల్లయే ఆఫీసైనది. కూతురో కోడలో లాప్‌టాప్ ముందర కూర్చుండి, “డిస్కషన్ రిపోర్టు తీస్తున్నాను, ఒక్క నిమిషం” అనుట వినని యిల్లాండ్రు నేడు పట్టణములలో తక్కువ. ఆ రిపోర్టన నేమో, దానిని చదువు విధ మేమో సోదరీమణులకు తెలిసియుండుట మంచిదని మాకు తోచినది. మా చెల్లెలి విషయమున నది వట్టి కాగితపు లెక్కగా నుండలేదు.

ఒక సంస్థలో నేకకాలమున పది యిరువది పనులు నడచుచుండును. ఒక్కొక్కదానిని ప్రాజెక్టందురు. అన్నిటిని కలిపి యొక్క చూపున నరయుట పోర్ట్‌ఫోలియో నిర్వహణము. పోర్ట్‌ఫోలియో యనగా మొదట కాగితములు పెట్టుకొను సంచియే. 1981లో వారెన్ మెక్‌ఫార్లన్ అను నాచార్యుడు హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో, కంప్యూటరు పనులయందలి గండములను విడివిడిగా గాక అన్నిటిని కలిపి తూచవలెనని వ్రాసెను. నేడిందులకై సాఫ్ట్‌వేరులు పెక్కు గలవు. వానిలో ప్రతి ప్రాజెక్టు క్రింద నుద్యోగులు ప్రశ్నలడుగుదురు, బదుళ్లు వ్రాయుదురు. ఈ సంభాషణలు పదిచోట్ల చెదరియుండును గాన, వాని నన్నిటి నొక పట్టికగా తీయు సాధనమే యీ రిపోర్టు. ప్రశ్న యేది, అడిగిన వారెవరు, జవాబుదారి యెవరు, కడపటి బదులెన్నడు, ఎన్ని దినములుగా నిలిచియున్నది, తెఱచియున్నదా ముగిసినదా అనునవి దాని గళ్లు.

మా యింటివారు బడిపంతులు. హాజరుపట్టీ తెఱచినతోడనే వారి కన్ను వచ్చిన పిల్లలపై నిలువదు, రాని పిల్లలపై నిలుచును. ఈ రిపోర్టును నట్లే చదువవలెను. నలువది బదుళ్లు పడిన ప్రశ్నను జూచి పని సాగుచున్నదని మురియరాదు. ఒక్క బదులును లేక వారము దినములు పడియున్నదానినే ముందుగ వెదకవలెను.

ఇక మా చెల్లెలి సంగతి. మా తల్లిగారు లేనందున నామె తొలి కానుపునకు మా యింటికే వచ్చినది. హైదరాబాదులో నొక కంపెనీలో నామె కుద్యోగము, మూడు ప్రాజెక్టులతో పని. 2017 నాటి చట్టసవరణవలన మొదటి యిద్దఱు బిడ్డల కానుపులకు సెలవు 12 వారములనుండి 26 వారములకు పెరిగినది గదా, ఆ సెలవంతయు గడపి, పసివానితో మా యింటనే యుండి పని మొదలిడెను. మొదటి వారపు సమావేశముననే పై యధికారి రిపోర్టు తెఱచి చూపెను. మా చెల్లెలి పేర 11 ప్రశ్నలు తెఱచియున్నవి, అందఱి పేళ్లలోను నదియే పొడవైన వరుస. బిడ్డ పుట్టిన పిదప శ్రద్ధ తగ్గినదని యెవరును నోట ననలేదు. ఆ యెఱ్ఱరంగే ఆ మాట యనినది. సంవత్సరపు యోగ్యతా నివేదిక వ్రాయుటకు నెల దినములే మిగిలియుండెను.

ఆ రాత్రి ఆమె కన్నీరు పెట్టుకొనలేదు, సంజాయిషీయు వ్రాయలేదు. రిపోర్టునే మఱియొక విధమున తీసినది. ప్రాజెక్టులవారీగా నున్నదానిని మనుష్యులవారీగా మార్చినది. ప్రశ్న పుట్టిన తేదియను గడిని చేర్చి, ఆ వరుసను పేర్చినది. 11లో 9 ఆమె సెలవులోనుండగా పుట్టినవే! ప్రాజెక్టు స్థాపించినప్పుడు కొన్ని విషయములకు జవాబుదారిగా నామె పేరు వ్రాయబడియుండెను. సెలవులో నా పేరును మార్చువారు లేకపోయిరి. యంత్రమునకేమి తెలియును, పురిటి మంచముమీద నున్న దానికే క్రొత్త ప్రశ్నల నొప్పగించుచు పోయినది. ఒక్కొక్క ప్రాజెక్టులో జూచిన మూడు నాలుగే గాన ఎవరి కనుమానము తోచలేదు. మూడింటిని కలిపి చూచినపుడే కారణము బయటపడెను. పోర్ట్‌ఫోలియో చూపనగా నిదియే యని మాకప్పుడు తెలిసినది. తక్కిన రెంటికి నా రాత్రియే బదులు వ్రాసి, క్రొత్త గడితోడి రిపోర్టును పై వారికి పంపెను. రెండు దినములలో నా తొమ్మిదియు నితరుల పేళ్లకు మాఱినవి.

అదే పట్టిక, అదే లెక్క. ఒక గడి లేనందున నొక స్త్రీ సోమరిగా కనబడినది.

కొందఱధికారులు ఈ రిపోర్టును ఎవరెన్ని మాటలు వ్రాసిరో లెక్కించుటకు వాడుదురట. సాయంకాలము బిడ్డను ఎత్తుకొనుటకు లేచి, ఒక్క వాక్యమున చిక్కు విడదీసినది వెనుకబడును. ఇరువదిమాఱులు “సరే” యన్నవాడు ముందుండును. మాకిది బొత్తిగా నచ్చదు.

సభాపర్వము చదివినవారు ద్రౌపది ప్రశ్నను మఱవరు. తానే ముందుగ నోడిపోయిన ధర్మరాజునకు తన్ను పణముగా నొడ్డు హక్కు కలదా యని యామె నిండుసభ నడిగినది. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. వికర్ణుడామె పక్షమున బలికెను, కర్ణుడు వానిని కసరెను. ఎఱిగియు బదులు చెప్పని సభ్యులకు అసత్యదోషములో సగము చెందునని విదురుడు హెచ్చరించెను. బదుళ్ల సంఖ్యను జూచిన నా సభ మిక్కిలి చుఱుకైనదే! కడపట ధృతరాష్ట్రుడు వరములిచ్చి సభ చాలించెను గాని ప్రశ్నకు నిర్ణయము రాలేదు. దాని యెదుట “ముగిసినది” అని వ్రాయవచ్చునా? కాబట్టి రిపోర్టు తీయువారు తెఱచియున్న వానితో నాగక ముగిసినవానినిగూడ నొకమాఱు తిరుగవేయవలెను. ముగించిన దెవరు, అడిగినవారేనా? నిర్ణయమేమని వ్రాసిరి? ఈ రెండు గళ్లు లేని పట్టికను మేము నమ్మజాలము.

మా చెల్లెలును మఱునాడు ముగిసినవానిని తీసి చూచినది. సెలవునకు బోవు వారము దినములకు ముందు, తాను లేనపుడు తన విషయములకు జవాబుదారి యెవరని యామె మూడు ప్రాజెక్టులలోను అడిగియుండెను. రెండుచోట్ల బదులే లేదు. మూడవచోట “చూతము” అని యొకరు వ్రాసిరి. ఆమె పురుడు పోసుకొన్న నెలలోనే మూడును ముగిసినవిగా గుర్తింపబడినవి, ముగించినది ఆమె కాదు. బిడ్డను ఒడిలో నుంచుకొని, ఒంటిచేత్తో మూడింటిని మరల తెఱచినది. ఇకమీద సెలవునకు బోవువారి పేరనున్న విషయము లెవరికి మాఱవలెనని క్రింద నొక్కొక్క పంక్తి చేర్చి, జవాబుదారి గడిలో పై యధికారి పేరు వ్రాసినది. వారి విభాగమున మఱియొక చిన్నది వచ్చే నెలలో కానుపునకు పోనున్నదట.