మెయిన్ దగ్గరే మెలిక

ఆయ్, వరదలొస్తే మా గోదారి జిల్లాల్లో కుశలప్రశ్న ఒక్కటేనండీ: "ధవళేశ్వరం దగ్గర ఎన్నడుగులుంది?" 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉండేవాళ్లకి ఈ అంకెలు నోటికొచ్చు.

ఈ లెక్కని పైథాన్‌లో ఓ చిన్న స్క్రిప్టుగా రాసుకున్నామనుకోండి. నీటిమట్టం ఇస్తే ఎన్నో హెచ్చరికో చెబుతుంది. దాన్నిప్పుడు జావాస్క్రిప్టులోకి, నోడ్ మీద నడిచేలా మార్చాలి. మూడు ఇఫ్‌లే కదా అంటారు మీరు. ఇఫ్‌లతో పేచీ లేదండీ, తంటా అంతా ప్రోగ్రాము మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌తోనే.

పైథాన్‌లో ఫైలుని నేరుగా నడిపితేనే మెయిన్‌ని పిలవమని అడుగున ఓ షరతు రాస్తాం. వేరే ఫైలు ఇంపోర్ట్ చేసుకుంటే మెయిన్ కదలదు. నోడ్‌లోనూ దీనికి తగ్గ షరతుంది, వెతికితే దొరుకుతుంది. అసలు గండం ఆర్గ్యుమెంట్లది. పైథాన్ ఆర్గ్యుమెంట్ల జాబితాలో సున్నా స్థానంలో స్క్రిప్టు పేరు, ఒకటిలో మన అంకె. జావాలో అయితే సున్నాలోనే మన అంకె. నోడ్‌లో సున్నాలో నోడ్ ఉన్న చోటు, ఒకటిలో స్క్రిప్టు ఉన్న చోటు, రెండులో గానీ మన అంకె రాదు. ఎవరి ఆచారం వారిది!

ఆ "ఒకటి"ని అలాగే వదిలేశారో, జావాస్క్రిప్టు ఫైలు పేరుని అంకెగా మార్చబోయి నాన్ (తినేది కాదు లెండి, "అంకె కాదు" అని అర్థం) తెచ్చిపెడుతుంది. అదే పైథాన్ అయితే వాల్యూఎర్రర్ అని అక్కడే గోలపెట్టి ఆగిపోయేది. దీనికంత పౌరుషం లేదు. నాన్ దేనికన్నా పెద్దదా అనడిగినా కాదనే అంటుంది. మూడు ఇఫ్‌లూ దాటేసి, మీరు 18 అడుగులని కొట్టినా "హెచ్చరిక లేదు" అని తాపీగా చెబుతుంది. దీనికన్నా కూలబడే ప్రోగ్రామే నయం.

ఎగ్జిట్ కోడ్ సంగతీ ఇంతే. నోడ్‌లో మెయిన్ తిరిగిచ్చిన విలువని ఎవరూ పట్టించుకోరు. ప్రాసెస్ డాట్ ఎగ్జిట్‌కోడ్‌లో మనమే పెట్టాలి. మరిచామా, సున్నా పోతుంది. దీన్ని నడిపి, సున్నా అంటే క్షేమమని నమ్మే షెల్ స్క్రిప్టు హెచ్చరిక ఎస్సెమ్మెస్ పంపడం మానేస్తుంది.

అందుకని పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడిపి చూడండి. 11.74, 11.75 రెండూ ఇవ్వండి. ఏమీ ఇవ్వకుండా కూడా ఓసారి నడపండి. పైథాన్ ఇండెక్స్‌ఎర్రర్ అని అరుస్తుంది, నోడ్ మళ్లీ "హెచ్చరిక లేదు" అనే అంటుంది. మెయిన్ మొదట్లోనే వచ్చింది అంకేనా అని తనిఖీ పెట్టి, కాకపోతే ఎగ్జిట్ కోడ్ 2తో బయటికి పంపెయ్యండి.